పాతకారు ప్రాణం ఏ చిలకలో?

లోకంలో ఏదో ఒక పిచ్చి లేని మనిషి ఉండడంటారు. ఒకరికి స్టాంపుల పిచ్చి, ఒకరికి పాత నాణేల పిచ్చి, నాలాంటి వాళ్ళకి పాత పాటల పిచ్చి. ఇవన్నీ బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇస్తే సరిపెట్టుకునే పిచ్చిలు. పాతకార్ల పిచ్చి అలా కాదు. దానికి ఒక షెడ్డు కావాలి, చేతినిండా డబ్బు కావాలి, ఆదివారాలన్నీ కావాలి, అన్నిటికీ మించి ఓర్పున్న భార్య కావాలి. ఇంతా చేస్తే ఆ బండి మనల్ని వేళకి ఎక్కడికైనా చేరుస్తుందా అంటే ఆ పూచీ ఏమీ లేదు. మరి చదువుకున్నవాళ్ళు, బుద్ధిమంతులు, ఇంటిముందు ఏసీ ఉన్న కొత్త కారు పెట్టుకుని, ఎనభై తొంభై ఏళ్ళ నాటి బండి కింద దూరి ఒళ్ళంతా గ్రీజు పూసుకోవడంలో ఏం సుఖం ఉందంటారు? ఆలోచించినకొద్దీ ఈ ప్రశ్న కార్ల షెడ్డు దాటి మన వంటింట్లోకి కూడా వచ్చేలా కనిపించింది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, అంటే 1939కి ముందు తయారైన కార్ల సంగతి. వీటిని ప్రేమించేవాళ్ళలో కూడా మడీ ఆచారం ఉన్నాయండోయ్. ఇంగ్లండులో 1934లో పుట్టిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు వారి లెక్కన 1930 ఆఖరులోగా తయారైనదే అసలైన వింటేజ్ కారు. ఆ తర్వాత పుట్టినవాటిలో ఏరికోరి కొన్నిటినే పంక్తిలో కూర్చోనిస్తారు. ఆ రోజుల్లో కార్లంటే అన్నీ మహారాజుల బళ్ళే అనుకోకండి. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 దాకా మోడల్ టి కార్లు కోటీ యాభై లక్షలు తయారు చేశాడు. ఇంగ్లండులో 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ మధ్యతరగతి సంసారి కోసం చేసిన బుల్లి కారు. అలాంటివాటిలో చాలా భాగం తుక్కు కింద తూకానికి పోయాయి. యుద్ధం రోజుల్లో ఇనుముకి కరువొచ్చి మరికొన్ని కొలిమిలో కరిగిపోయాయి. స్టీలు సామాన్లు వచ్చిన కొత్తలో మన ఇళ్ళల్లోంచి ఇత్తడి గుండిగలు వెళ్ళిపోయాయి చూడండి, అలాగన్నమాట.

మా ఎదురింటాయన దగ్గర 1930ల నాటి ఆస్టిన్ ఒకటుంది. ఏదో పల్లెటూళ్ళో ఎవరో దాన్ని కోళ్ళగూడుగా వాడుకుంటుంటే, రిటైరయ్యాక కొని లారీ మీద తెచ్చుకున్నారు. అది తన కాళ్ళ మీద తాను నడవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆయన భార్య ఓసారి నవ్వుతూనే అంది: “వదినగారూ, నాకు దగ్గొస్తే సీసాలో మందుందిగా అంటారు. దానికి దగ్గొస్తే మాత్రం రాత్రంతా టార్చిలైటు పట్టుకు కూచుంటారు!” ఇద్దరం నవ్వుకున్నాం గాని ఆ మాటలో ఒక ముల్లుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ ఆకర్షణ ఏమిటో చూద్దాం. కొత్త కారుకి మనం అక్కర్లేదు. మీట నొక్కితే కదులుతుంది, బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. “నీకెందుకు, నీ పని చూసుకో” అన్నట్టుంటుంది. పాత కారు అలా కాదు, మనిషి లేనిదే అడుగు వెయ్యదు. కరెంటుతో స్టార్టయ్యే ఏర్పాటు 1912లో కాడిలాక్ కార్లకి వచ్చింది. అంతకు ముందు చాలా కార్లకి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. తిప్పేముందు స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా మీట జరపాలి. మర్చిపోయారో, హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరగ్గొడుతుంది. అందుకే బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోకుండా మిగతా వేళ్ళ వైపే ఉంచమని పెద్దలు నేర్పేవారు. గేరు మార్చాలంటే చాలా కార్లలో క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చెవితో విని పోల్చుకోవాలి. పప్పు ఉడికిందో లేదో ఆ చప్పుడు విని చెప్పే మనకి ఇది కొత్త విద్యేమీ కాదు. ఏ భాగం ఎందుకుందో కంటికి కనిపిస్తుంది. విరిగితే చేత్తో బాగుచేసుకోవచ్చు. తనని అర్థం చేసుకోనిచ్చే వస్తువు మీద మనిషికి ప్రేమ పుట్టడంలో వింత లేదు.

మాటవచ్చింది కాబట్టి చెప్పనివ్వండి. ఇది మగవాళ్ళ సరదా అని అందరూ అంటారు గాని, కారుని దారిలో బాగుచేసుకుంటూ దూరప్రయాణం చేసిన మొదటి మనిషి ఒక ఇల్లాలు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో ఇంధనం వచ్చే గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో మరకలు తీసే ద్రావకం కొని పోసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్క వేయించింది. మరమ్మతు మన చేతికి పరాయిది కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక అసలు చిక్కు. బాగుచేస్తూ చేస్తూ పోతే చివరికి మిగిలేది ఆ కారేనా? మా అమ్మమ్మ పేరు చెక్కిన ఇత్తడి బిందె ఒకటి మా ఇంట్లో ఉంది. అడుగు చిల్లిపడితే మా అమ్మ కొత్త అడుగు వేయించింది. మూతి నలిగితే నేను మూతి మార్పించాను. సొట్టలు తీయించినప్పుడు పేరున్న చోట కూడా ఇత్తడి అరిగి అక్షరాలు సగమే మిగిలాయి. అయినా అది అమ్మమ్మ బిందే. కాదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సరిగ్గా ఇదే తగాదా 1990లో లండన్ హైకోర్టుకెక్కింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారు 1929లోనూ 1930లోనూ ఫ్రాన్సులో లమాన్ అనే ఊళ్ళో జరిగే ఇరవై నాలుగు గంటల పందెం గెలిచింది. ఆ తర్వాత దాని భాగాలు ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి. వేరే ఇంజను వచ్చింది. 1932లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందెంలో ప్రమాదం జరిగి, నడుపుతున్న మనిషి చనిపోయాడు. మళ్ళీ దానికి కొత్త ఒళ్ళు తొడిగారు. ఇన్ని అయ్యాక కోటి పౌండ్లకి బేరం కుదిరింది. తీరా డబ్బు కట్టే వేళకి కొనేవాళ్ళు, “ఇందులో 1929 నాటిదంటూ ఏముందండీ?” అని అడ్డం తిరిగారు. జస్టిస్ ఆటన్ అంతా విన్నాడు. పందెం గెలిచిననాటి లోహం మిగిలింది బహు స్వల్పమని ఒప్పుకున్నాడు. అయినా ఇది నకలు కాదు, ఎక్కడో చచ్చిపోయి మళ్ళీ పుట్టిందీ కాదు, ఒక్కరోజైనా తెగకుండా సాగివచ్చిన జీవితం దీనిది, కనుక ఇదే ఆ కారు అని తీర్పు చెప్పాడు. మా బిందె కేసు కూడా ఆయన దగ్గరే వేస్తే గెలిచేదాన్ని.

దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. అత్తగారి కాసులపేరు కరిగించి కొత్త ఫేషను నెక్లెసు చేయించుకున్నారనుకుందాం. కంసాలి నిజాయితీపరుడు, రవ్వంత బంగారం కూడా పోలేదు. మరి అది అత్తగారి కాసులపేరేనా? కాదు. బంగారమంతా ఉంది, వస్తువు పోయింది. బిందెలో ఇత్తడి చాలావరకు పోయింది, వస్తువు ఉంది. అంటే ఒక వస్తువు ప్రాణం అది దేనితో చేశారో దాంట్లో లేదన్నమాట. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ఇంకెక్కడో దాగి ఉంది.

పోనీ, ఏమీ మార్చకుండా అలాగే ఉంచేస్తేనో? పాతకార్ల వాళ్ళలో ఈ మతం కూడా ఉంది. స్విట్జర్లండులో మజోరె సరస్సు అడుగున 1925 నాటి బుగాట్టి ఒకటి డెబ్బయ్యేళ్ళకు పైగా పడి ఉంది. సుంకం కట్టని బండి కావడంతో అధికారులే 1936లో దాన్ని నీళ్ళలోకి దించారని చెబుతారు. 2009లో అక్కడి ఈతగాళ్ళు పైకి లాగారు. ఆ ప్రాంతంలో కొందరు కొట్టి చంపిన ఒక కుర్రవాడి జ్ఞాపకార్థం పెట్టిన సంస్థ కోసం 2010 జనవరిలో పారిస్‌లో వేలం వేస్తే రెండు లక్షల అరవై వేల యూరోలు పలికింది. కొన్న కాలిఫోర్నియా మ్యూజియం వాళ్ళు తుప్పు కూడా దులపకుండా అలాగే ప్రదర్శనకి పెట్టారు. దానికి రంగు వేస్తే మరో మామూలు బుగాట్టి అయ్యేది, సరస్సు కథ చెరిగిపోయేది. అది నిజమే. కాని ఆ కారు ఇక ఎప్పటికీ నడవదు.

మన హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక సింహాసనం లాంటి సీటు ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి చేయించుకున్నాడు. అది చేతికి రాకుండానే 1911లో ఆయన కన్నుమూశాడు. తర్వాత కూడా అది రోడ్డెక్కింది తక్కువే. ఎంత తళతళలాడినా నాకెందుకో దాన్ని చూస్తే పెళ్ళిలో పెట్టిన పట్టుచీర మడత విప్పకుండా దాచేసుకున్న ఇల్లాలు గుర్తొస్తుంది. చిరిగిపోలేదు గాని కట్టుకున్నదీ లేదు.

2021లో మన ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషనుకి ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలిస్తారు. రోజూ తిప్పడానికి, బాడుగకి వీల్లేదు. చట్టానికి ఏదో ఒక గీత కావాలి కనుక ‘అసలు రూపం’ అంది. కాని ఆ రూపాన్ని నిలబెట్టేది ఎవరు? ఆనాటి చాలా కార్లకి పైరేకు కింద చెక్కచట్రం ఉండేది. అది పుచ్చితే వడ్రంగి కావాలి. ఇంజనులో బేరింగులకి తెల్లలోహం కరిగించి పోసి, కత్తితో గీకి సరిపెట్టే మేస్త్రీ కావాలి. ఇలాంటి చేతివిద్యలకి కూడు పెడుతున్నది ఈ పిచ్చే. ఇంత డబ్బు ఒక బండికి తగలెయ్యడం పాపం కాదా అని అడిగేవాళ్ళకి నేనిచ్చే జవాబులో ఇది సగం. ప్రదర్శనలో కప్పు అందుకునే యజమాని పక్కన ఆ మేస్త్రీని కూడా నిలబెడితే మిగతా సగం కూడా ఇస్తాను.

పాతకార్లవాళ్ళు తరచు, “మేం యజమానులం కాదండీ, కాపలాదార్లం మాత్రమే” అంటూంటారు. మంచి మాటే. ఇప్పుడు ఆ ముల్లు సంగతికొద్దాం. కారుని బాగుచేస్తే కళ్ళముందే యవ్వనం తిరిగొస్తుంది. 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక మొదలుపెట్టిన ర్యాలీ లాంటివాటిలో నడిపిస్తే జనం చప్పట్లు కొడతారు. మంచానపడ్డ మామగారికి ఇల్లాలు చేసే సేవకి ఏ ర్యాలీ ఉంది? ఎన్నాళ్ళు చేసినా ఆయనకి పూర్వరూపం రాదు. రాదని తెలిసే చేస్తుంది. బాగుపడేదాన్ని ప్రేమించడం తేలిక. బాగుపడనిదాన్ని విడవకుండా చూసుకోవడంలోనే మనిషి బరువు తెలుస్తుంది. ఎదురింటావిడ అడిగింది ఇదే. ఆ రాత్రి టార్చిలైటులో కొంచెం వెలుతురు తనవైపు కూడా తిప్పమని.

ఇలా అన్నానని కారు మీద ప్రేమ తప్పని అనను. నిజాయితీగా పాతకారు పెంచేవాళ్ళకి తెలుసు, అది కూడా ఎప్పటికీ పూర్తిగా బాగుపడదని. ఇవాళ రేడియేటరు, రేపు మాగ్నెటో. సేవలో అలవాటు పడ్డ చెయ్యి ఇంట్లో మనిషి దగ్గర మొరటుగా ఉండటానికి సాకు లేదు. ఆ ఓర్పు గరాజు గుమ్మం దగ్గరే చెప్పులతోపాటు వదిలి రాకపోతే చాలు.

చిలక ఎక్కడుందో నాకు తోచింది చెప్తాను. ఇంజనులో లేదు, రేకులో లేదు. ఒక చెయ్యి వదిలేలోగా ఇంకో చెయ్యి అందుకోవడంలో ఉంది. కథలో ఫకీరు తన ప్రాణాన్ని ఎవరికీ అందకుండా దాచాడు, అందుకే అతనితోనే పోయింది. ఈ ప్రాణం అందించేకొద్దీ నిలుస్తుంది. అందుకని వస్తువొక్కటే ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు, దాన్ని చూసుకునే తెలివి కూడా ఇవ్వాలి. స్పార్కు మీట ఎటు జరపాలో, బొటనవేలు ఎక్కడ ఉంచాలో పిల్లలకి చెప్పని తాతగారి కారు, తాతగారితోనే ఆగిపోతుంది. మీ ఊళ్ళో ఎప్పుడైనా పాతకార్లు బారుతీరి కనిపిస్తే ఎంతకి కొన్నారని అడక్కండి. “మీ తర్వాత దీన్ని ఎవరు చూస్తారండీ?” అని అడగండి. పేరు చెప్పగలిగినాయన నిజంగా ఆ కారుకి కాపలాదారే.