పంతొమ్మిదిలో పదిహేను

ఎవరైనా తప్పిపోతే లోకం మాట్లాడకుండా ఉండలేదు. ఉండాలని ఎవరూ కోరుకోరు కూడా. ఆ నలుగురి మాటల్లోంచే ఒక్కోసారి జాడ దొరుకుతుంది. కానీ వెతకడం కోసం మొదలైన మాట ఎక్కడో ఒకచోట తీర్పుగా మారిపోతుంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతుంది? దాని బరువు ఎవరి మీద పడుతుంది? డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక ఈ ప్రశ్నలు ఇంకా పదునెక్కాయి. ఇదివరకు పుకారుకు నోరు మాత్రమే ఉండేది. ఇప్పుడు దాని చేతిలో ఒక ప్రయోగశాల కాగితం కూడా ఉంది.

2007 మే 3 రాత్రి పోర్చుగల్‌లోని ప్రయా ద లూజ్ అనే సముద్రతీరపు ఊళ్ళో మడలీన్ మెకాన్ అనే పాప మాయమైంది. మరో తొమ్మిది రోజుల్లో నాలుగేళ్ళు నిండాల్సిన పిల్ల. తల్లి కేట్, తండ్రి జెర్రీ బ్రిటన్‌లో డాక్టర్లు. ఆ రాత్రి ముగ్గురు పిల్లల్నీ నిద్రపుచ్చి, దగ్గర్లోనే స్నేహితులతో భోజనానికి కూర్చున్నారు. మధ్యమధ్య ఒకరు లేచి పిల్లల్ని చూసి వస్తున్నారు. కొన్ని వారాల పాటు లోకమంతా ఆ కుటుంబంతో కలిసి ఏడ్చింది. తర్వాత బ్రిటన్ నుంచి తెప్పించిన పోలీసు కుక్కలు ఆ ఫ్లాట్‌లోనూ, వాళ్ళు అద్దెకు తీసుకున్న కారులోనూ ఏదో పసిగట్టాయి. పాప మాయమైన మూడు వారాలు దాటాక అద్దెకు తీసుకున్న కారు అది. అక్కడ తీసిన నమూనాలు బర్మింగ్‌హామ్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ ప్రయోగశాలకు వెళ్ళాయి.

అప్పటి బ్రిటిష్ పద్ధతిలో డీఎన్‌ఏలో పదిచోట్ల చూసేవారు. ఒక్కోచోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మొత్తం ఇరవై గుర్తులు. మడలీన్‌కు ఒకచోట రెండూ ఒకే రకం కాబట్టి ఆమెవి పంతొమ్మిది. కారులో దొరికిన ఒక నమూనాలో ఆ పంతొమ్మిదిలో పదిహేను కనిపించాయి. 2007 సెప్టెంబరు మొదట్లో ప్రయోగశాల నుంచి వచ్చిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. అదే ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నమూనాలో మొత్తం ముప్పయ్యేడు గుర్తులున్నాయి, అవి కనీసం ముగ్గురివి కలగలిసినవి, విడివిడిగా చూస్తే ఆ గుర్తులు చాలామందిలో ఉంటాయి, తమ ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళలోనూ ఉన్నాయి. కాబట్టి దీన్నుంచి అర్థవంతమైన నిర్ణయానికి రాలేమని ఆ శాస్త్రవేత్త రాశాడు.

జనంలోకి వెళ్ళింది మొదటి సగమే. సెప్టెంబరు 7న పోర్చుగల్ పోలీసులు తల్లిదండ్రులిద్దరినీ అధికారికంగా అనుమానితుల్ని చేశారు. దర్యాప్తు సంగతులు బయటపెట్టకూడదని అక్కడి చట్టం. అందువల్ల అధికారికంగా ఎవరూ మాట్లాడలేదు, చాటుగా మాత్రం చాలామంది మాట్లాడారు. పాప డీఎన్‌ఏ కారులో దొరికిందంటూ రెండు దేశాల పత్రికలూ రాశాయి. ఆ కారులో ఆ పాప తల్లీ తండ్రీ తోబుట్టువులూ తిరిగారు. పాపలోని ప్రతి గుర్తూ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిందే. ఆ కారులో ఆ పాపను పోలిన గుర్తులు కనిపించడంలో వింతేముంది?

డీఎన్‌ఏ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఇది ఎవరిది కావచ్చు అని. ఎప్పుడు, ఎలా, ఎందుకు అన్నవి దానికి తెలియవు. ఆ జవాబుకూ మనం అల్లే కథకూ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని నింపేది శాస్త్రం కాదు, మనలో అప్పటికే పేరుకున్న నమ్మకాలు. తల్లి ఎలా ఉండాలి, ఎంతసేపు ఏడవాలి, ఏ బట్టలు కట్టుకోవాలి అన్న నమ్మకాలు. పిల్లల్ని వదిలి భోజనానికి వెళ్ళింది తల్లీ తండ్రీ ఇద్దరూ. అయినా లోకం తూకం వేసింది ఎక్కువగా కేట్‌నే. కెమెరాల ముందు ఏడవలేదన్నారు. ఎత్తుకెళ్ళినవాడు చూస్తుంటాడేమో, భావాలు బయటపెట్టొద్దని నిపుణులు సలహా ఇచ్చారని 2011లో వచ్చిన తన పుస్తకంలో ఆమె రాసింది. పాపకు రాసుకున్నట్టుగా రాసుకున్న ఆమె డైరీ పోలీసుల చేతుల్లోంచి జారి, 2008 సెప్టెంబరులో ఒక బ్రిటిష్ వారపత్రికలో అచ్చయింది. పాప కోసం వెతుకుతున్నామన్న పేరుతో తల్లి మనసును సోదా చేశారు.

ఇది ఆ ఒక్క తల్లి కథ కాదు. డీఎన్‌ఏ పరీక్షలు ఇంకా రాని కాలంలో, 1980 ఆగస్టు 17న ఆస్ట్రేలియాలోని ఉలూరు దగ్గర అజారియా అనే తొమ్మిది వారాల పసికందు గుడారంలోంచి మాయమైంది. డింగో అనే అడవి కుక్క ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లీన్ మొదటినుంచీ చెప్పింది. తగినంతగా ఏడవలేదని, ఆమెది మూఢ మతమని, ఆ పాప పేరుకు అడవిలో బలి అని అర్థమని పుకార్లు పుట్టాయి. కారు డ్యాష్‌బోర్డు కింద పసిబిడ్డ రక్తం ఉందని ప్రయోగశాల చెప్పింది. 1982 అక్టోబరులో నిండు గర్భిణిగా ఉన్న ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. బిడ్డ జైల్లో ఉండగానే పుట్టింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ మరకల్లో చాలావరకు కారులో చప్పుడు తగ్గించడానికి కంపెనీవాళ్ళు పూసిన పదార్థం! 1986లో పాప చొక్కా దొరికాక ఆమెను వదిలారు, 1988లో శిక్ష కొట్టేశారు. డింగోయే కారణమని కొరోనర్ ప్రకటించేసరికి 2012 వచ్చింది. ఆ నేలను చదవగల ఆదివాసులు, వాళ్ళలో ఒక స్త్రీ కూడా, మొదటి రోజుల్లోనే డింగో అడుగుల్ని గుర్తుపట్టారు. కోర్టుకు ఆదివాసి కళ్ళకంటే కారులో మరక ఎక్కువైంది.

మన భాషలో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: లోకాపవాదం. సీత నిప్పుల్లోంచి నడిచి వచ్చినా అపవాదం ఆగలేదు. పరీక్ష నెగ్గడం ముఖ్యం కాదు, పరీక్షకు నిలబెట్టగలగడమే అధికారం. అందుకే 1993లో గౌతమ్ కుండూ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుంచుకోదగ్గది. రక్తపరీక్షకు ఆదేశించేముందు దానివల్ల బిడ్డ మీద అక్రమ సంతానమనే ముద్ర, తల్లి మీద శీలం లేనిదనే ముద్ర పడుతుందేమో చూడాలని కోర్టు అంది. శీలం అన్న మాటతో మనకు పేచీ ఉంది. కానీ ఫలితం రాకముందే ప్రశ్న కూడా గాయం చేస్తుందన్న ఎరుక అందులో ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. మెకాన్‌లు తెల్లవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు. 2008 మార్చిలో ఎక్స్‌ప్రెస్ పత్రికల సంస్థ మొదటి పేజీలో క్షమాపణ చెప్పి 5,50,000 పౌండ్లు చెల్లించింది. ఏ పేద తల్లికి ఆ క్షమాపణ దొరుకుతుంది? ఎవరికీ దొరకదు. నిజమే. కానీ దాన్నుంచి తేలేది కేట్‌కు జరిగింది చిన్నదని కాదు. లాయర్లున్న తల్లి గతే ఇది అయితే లాయర్లు లేని తల్లి గతి ఏమిటన్నది.

ఇంకో అభ్యంతరం మరీ కష్టమైంది. అనుమానాన్ని బాహాటంగా చెప్పడం మన ఉద్యమాల పని కూడా కదా! వరకట్న చావును ఆత్మహత్య అన్నప్పుడు, లాకప్ చావును గుండెపోటు అన్నప్పుడు రుజువులు చేతికి రాకముందే వీధిలోకి వచ్చాం. రుజువు దొరికేదాకా నోరు మూసుకోవాలంటే ముందు మూతపడేది మన నోరే.

దీనికి జవాబు నాకు అర్జెంటీనా అమ్మమ్మల దగ్గర దొరికింది. 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో వాళ్ళ కూతుళ్ళూ కోడళ్ళూ మాయమయ్యారు. నిర్బంధంలో పుట్టిన పసివాళ్ళను వేరేవాళ్ళకు పెంపకానికి ఇచ్చేశారు. 1977లో ఆ అమ్మమ్మలూ నానమ్మలూ సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళూ ఊహించారు, బాహాటంగానే ఊహించారు. ప్లాజా ద మాయోలో తిరుగుతున్న తల్లుల్ని పిచ్చివాళ్ళన్నారు. కానీ వాళ్ళు శాస్త్రం దగ్గరికి తీర్పు పట్టుకుని వెళ్ళలేదు, ప్రశ్న పట్టుకుని వెళ్ళారు: మధ్య తరం లేకుండా పోయింది, అమ్మమ్మ రక్తంతో మనవరాలిని గుర్తుపట్టగలరా? ఆ ప్రశ్నకు అప్పటికి జవాబు లేదు. మేరీ క్లెయిర్ కింగ్ లాంటి శాస్త్రవేత్తలు 1984 నుంచి వాళ్ళతో కలిసి పనిచేశారు. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ అందుకు సాధనమైంది. 1987లో జాతీయ జన్యు నిధి ఏర్పడింది. 2025 నాటికి 140 మంది మనవల జాడ తెలిసింది.

తేడా మాట్లాడటానికీ మౌనానికీ మధ్య లేదు. ఆ అమ్మమ్మల అనుమానం జవాబు చెప్పాల్సిన అధికారం వైపు తిరిగింది, తమ రక్తాన్నే ముందుగా పరీక్షకు ఇచ్చింది, కాదని తేలితే ఒప్పుకోవడానికి సిద్ధపడింది. లోకాపవాదానికి ఈ మూడూ లేవు. అది జవాబు చెప్పుకోలేని మనిషి వైపు తిరుగుతుంది. అనేవాళ్ళకు పోయేదేమీ ఉండదు. ఏ ఫలితమూ దాన్ని ఆపదు, నిప్పు లేనిదే పొగ రాదుగా అంటుంది. రచనల్లోనో తరగతి గదుల్లోనో ఒక కేసు గురించి మాట్లాడేముందు ఈ మూడింటినీ మనకు మనం వేసుకోవచ్చు.

మెకాన్‌ల మీది అనుమానిత హోదాను 2008 జులైలో ఎత్తేశారు, అదే రోజు కేసు మూసేశారు. బ్రిటన్ పోలీసులు మళ్ళీ తెరిచింది 2011లో. 2020లో జర్మనీ అధికారులు వేరే వ్యక్తిని అనుమానితుడన్నారు. ఈలోగా గడిచిన కాలాన్ని తల్లికి జరిగిన అన్యాయంగానే లెక్కేస్తే సగమే లెక్కేసినట్టు. కారులో దొరికింది పాపే అని నమ్మినవాళ్ళకు పాప చనిపోయినట్టే లెక్క. చనిపోయిన పిల్ల కోసం ఎవరూ దారుల్లో కళ్ళు పెట్టుకుని చూడరు. తల్లి వైపు చూపించిన ప్రతి వేలూ పాప వెళ్ళిన దారి మీంచి తప్పుకున్న వేలే.