చీటీ మీద పేరు

ఒక పురుగు మూలంగా మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటికి తనకి పదకొండేళ్ళు.

2019 ఏప్రిల్లో, స్కూలు సెలవులకి కోస్టా రికా వెళ్ళాం. సరపికీ నది పక్కన అడవిని ఆనుకుని ఉన్న చెక్క గదుల్లో బస. రాత్రి వరండా దీపం దగ్గర కటకటాల మీద వాలి ఉందది. ఒళ్ళు చిటికెనవేలి గోరంత. మీసాలు ఒంటికి రెండింతలు, వాటి మధ్యలో నల్లటి వెంట్రుకల కుచ్చులు. వీపు మీద చెట్టు బెరడుకి పట్టిన పాచి రంగు మచ్చలు. పొడుగు మీసాల పురుగని మాత్రం నాకు తెలిసింది. ఏ పొడుగు మీసాల పురుగు? ఇరవై ఏళ్ళుగా డేటాబేసులతో కాపురం చేస్తున్న నాబోటి వాడికి పేరు గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు.

పక్క గదిలో అనుమతి తీసుకుని పురుగుల మీద పనిచేస్తున్న పరిశోధకుడొకాయన ఉన్నాడు. కాఫీ కప్పులో పురుగుని పట్టుకుని, పైన పళ్ళెం మూసి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన భూతద్దంలో చూస్తూ ఓపిగ్గా చెప్పాడు. కన్ను చిక్కుడు గింజలా వంగి మీసం మొదలుని చుట్టుకుని ఉంటుందట. పాదానికి నాలుగే కణుపులున్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఐదు, ఒకటి దాక్కుంటుంది. వెనక గొట్టంలా పొడుచుకొచ్చింది గుడ్లు పెట్టే అవయవం, అంటే ఇది ఆడది. మాట్లాడుతూనే దాన్ని సీసాలో వేసి మూత బిగించాడు. గోళ్ళ రంగు తుడిచే మందు వాసన వచ్చింది. కాసేపటికి మీసాలు ఆగిపోయాయి.

"పేరు తెలుసుకోడానికి చంపాలా నాన్నా? నాకు పేరు పెట్టండని అదేమైనా అడిగిందా?" అంది అమ్మాయి, బయటికొచ్చాక. ఆ తర్వాత మాటల్లేవు.

తిరుగు ప్రయాణంలో విమానంలో కూర్చుని జవాబు తయారు చేసుకున్నాను. మంచి జవాబే. పొడుగు మీసాల పురుగుల్లో ఇప్పటికి పేర్లు పెట్టినవే సుమారు 35,000 జాతులు. 1996లో బ్రూక్లిన్‌లో చెట్లు తొలిచేస్తున్న పురుగొకటి బయటపడింది. చైనా నుంచి సరుకుల చెక్కపెట్టెల్లో వచ్చిన ఆసియా పురుగు. 2004లో మా ఎడిసన్‌కి దగ్గర్లోనే ఉన్న కార్టరెట్‌లోనూ కనిపించింది. న్యూజెర్సీలో వేల చెట్లు నరికితే గానీ, 2013 దాకా పీడ వదల్లేదు. అది ఫలానా పురుగని పోల్చుకోగలిగారంటే, ఎవరో ఎప్పుడో చంపి, సూది గుచ్చి, సొరుగులో దాచినవి ఉండబట్టే కదా!

అమ్మాయి అంతా విని, "ఆ రాత్రి నీకు బ్రూక్లిన్ గుర్తుందా?" అని అడిగింది.

లేదు. నాకు గుర్తున్నది ఖాళీ గడి ఒక్కటే.

చిన్నప్పుడు మా తాతయ్య మామిడి మానుకి పడ్డ బెజ్జంలోకి ఇనుప చువ్వ దూర్చి, లోపలి పురుగుని గుచ్చి లాగేవాడు. దాని పేరేమిటో ఆయనకి అక్కర్లేదు, చెట్టు బతకడం కావాలి. మేం పిల్లలం ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమల్ పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. తెల్లారేసరికి కొన్ని చచ్చేవి. ఎవరూ ఏమీ అనలేదు. వాటిని ఆరుద్ర పురుగులన్నది కూడా ఏటేటా ఆ కార్తెలో, ఆ వానకి వాటిని చూసినవాళ్ళే. వారం రోజుల అతిథిని, నాకు మాత్రం ఆ రాత్రికి ఆ రాత్రే పేరు కావాల్సొచ్చింది.

ఆ పరిశోధకుడు తప్పు చేశాడని ఇప్పటికీ అనుకోను. అడవి కొమ్మల్లో ఎక్కడో బతికే పురుగుతో కలిసి జీవించి పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు. చెట్లేమో పోతున్నాయి. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉంది, దాని కోసం చంపాడు. నా దగ్గరున్నది దురద. కారణం తర్వాత వెతుక్కున్నాను, అదీ చాలా గొప్ప కారణం.

మరుసటి ఏడాది వేసవిలో ఆయన మెయిల్ పంపాడు. పేరున్న జాతులు వేటితోనూ సరిపోలలేదట. కొత్త జాతి కావచ్చు, కాకపోనూ వచ్చు. మగదాన్ని కోసి, జననాంగాలు చూస్తే గానీ తేలదు. మగది దొరకలేదు. అందాకా సొరుగే. కొత్త జాతి దొరికిన రోజు నుంచి పేరు పడేదాకా సగటున 21 ఏళ్ళు పడుతుందని 2012లో ఒక లెక్క వచ్చింది. నేను బతికుండగా తేలుతుందో లేదో.

మెయిల్‌తో ఒక ఫొటో ఉంది. సూది, దానికి గుచ్చిన పురుగు, కింద చిన్న చీటీ. ఊరు, తేదీ ఉన్నాయి. జాతి పేరుండాల్సిన చోట ఏమీ లేదు. పట్టినవారు అన్నచోట నా పేరుంది, ఇంటిపేరుతో సహా, ఈ దేశం వచ్చాక మొదటిసారి స్పెల్లింగు తప్పు లేకుండా.

అమ్మాయికి ఇప్పుడు కాలేజీ వయసొచ్చింది. ఆ ఫొటో తనకింకా చూపించలేదు.