ఉచితమైనదానికి వెల చెల్లించినదెవరు?

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 8వ అధ్యాయము



గడచిన కోత పండుగనాడు మా సంఘములో జరిగిన ఒక సంగతి మమ్మును చాల దినములు ఆలోచింపజేసినది. దానిని మీ యెదుట ఉంచుచున్నాము. అందులో తప్పిదము కొంత మాదియు గలదు గనుక, ఎవరినో తీర్పు తీర్చుటకు ఇది వ్రాయుట లేదు.

ఆ దినమున విశ్వాసులు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు తెచ్చి బల్ల ముందర ఉంచిరి. సంఘ పెద్దలలో ఒకరైన ఉపాధ్యాయుడు ఐదు కొత్త దుప్పట్లు తెచ్చి, వాటిని విధవరాండ్రకు ఇమ్మని చెప్పిరి. ఆ దుప్పట్లకు ఆయన చేతినుండి ఒక్క పైసయు ఖర్చు కాలేదు. పట్టణములోని ఒక పెద్ద దుకాణము బ్యాంకుతో కలిసి ఇచ్చు క్రెడిట్ కార్డు ఆయనయొద్ద ఉన్నది. ఏడాది పొడవునా ఇంటి సరుకులు, బట్టలు ఆ కార్డుతోనే కొని, ప్రతి నెల గడువునకు ముందే బిల్లు మొత్తము కట్టివేయుదురు. ఆ విధముగా చేరిన పాయింట్లతో దుప్పట్లు తీసికొనిరి. మేము ఆ సంగతి ప్రసంగపీఠము మీదనుండి చెప్పి, ఆయన జాగ్రత్తను మెచ్చుకొంటిమి. ఆరాధన ముగియగానే ఇద్దరు యౌవనులు ఆయన చుట్టు చేరి, "మాస్టారూ, ఆ కార్డేదో మాక్కూడా ఇప్పించండి" అని అడుగుట చూచి సంతోషించితిమి.

ఆ సాయంకాలము దీపాలు పెట్టు వేళ మరియొక యౌవనుడు మా యింటికి వచ్చెను. అతడు రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేయును. జీతము బ్యాంకులో పడును. చొక్కా జేబులోనుండి మడతలు పడిన కాగితమొకటి తీసి, "అయ్యగారూ, నెలనెలా కడుతూనే ఉన్నానండి. ఎంత కట్టినా అప్పు అట్లాగే ఉంది. ఇంట్లో చెప్పలేదండి" అనెను. అదియు అదే దుకాణపు కార్డు. క్రితము క్రిస్మసుకు భార్యకు, పిల్లలకు బట్టలు, ఒక ఫోను కలిపి ఇరువదివేల రూపాయలకు కొనెను. వెయ్యి రూపాయల విలువగల పాయింట్లు వచ్చినవి. ఆ కార్డు సంగతి నీకెవరు చెప్పిరని అడిగితిమి. అతడు తల వంచుకొని, "మన మాస్టారేనండి. నన్ను చేర్పించినందుకు ఆయనకూ ఏవో పాయింట్లు వచ్చాయట" అనెను.

మేము కాగితము తీసికొని లెక్క వేసితిమి. మీరును వేయుడి. బిల్లుమీద "కనీస మొత్తము" అని యొకటి వ్రాసియుండును. సాధారణముగా అది బాకీలో నూటికి ఐదు రూపాయలు. ఇరువదివేలకు వెయ్యి. అది కట్టిన చాలునని అతడు అనుకొనెను. ఆ కార్డుకు వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయలు, అనగా ఏడాదికి 42. ఇరువదివేలకు నెల వడ్డీ 700. ఆ వడ్డీమీద నూటికి 18 చొప్పున పన్ను 126. కట్టిన వెయ్యిలో 826 రూపాయలు వాటికే పోయెను. అసలులో తగ్గినది 174 మాత్రమే. పది నెలలలో అతడు సుమారు 9,600 కట్టగా, అప్పు ఇరువదివేలనుండి 18,300 వరకే దిగెను. వచ్చిన పాయింట్ల విలువ రెండు నెలలైనను నిండకముందే వడ్డీలో కలిసిపోయెను. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చువానిని రక్తము పీల్చువాడందుము. ఇది మూడున్నర రూపాయల వడ్డీ. అయితే దీనికి రంగుల కార్డును, బహుమానమును తోడైనవి గనుక మనము వడ్డీ వ్యాపారమని గుర్తుపట్టలేకపోతిమి.

మరునాడు ఉదయమున మేము మాస్టారుగారి యింటికి వెళ్లి, ఆ యౌవనుని అనుమతితో సంగతి చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. చివరకు, "అయ్యగారూ, అయితే నా దుప్పట్లకు డబ్బు అతనే కట్టాడంటారా?" అని అడిగిరి. మాయొద్ద వెంటనే జవాబు లేకపోయెను.

ఆ ప్రశ్నను మనము నిదానముగా విచారింతము. దుకాణదారుడు కొన్నవానికి బహుమానమిచ్చుట కొత్తది కాదు. అమెరికా దేశములో 1896లో స్థాపింపబడిన స్పెర్రీ అండ్ హచిన్సన్ అను సంస్థ పచ్చ స్టాంపులను దుకాణములకు అమ్మెడిది. దుకాణములు వాటిని కొన్నవారికి ఇచ్చెడివి. స్టాంపులు పుస్తకములో అంటించి, నిండిన తరువాత వస్తువులు తెచ్చుకొనెడివారు. ఆ దేశపు గొప్ప దుకాణ సంస్థయైన సియర్స్ 1980ల మధ్యలో డిస్కవర్ అను కార్డును ప్రారంభించి, ఖర్చుచేసిన సొమ్ములో కొంత తిరిగి ఇచ్చుట మొదలుపెట్టెను. మన తెలుగు గడ్డమీద 1923లో మచిలీపట్నమున పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు నిచ్చెను. తరువాత మన దేశములో అమెజాన్ 2018లోను, ఫ్లిప్‌కార్ట్ 2019లోను బ్యాంకులతో కలిసి తమ పేరుగల కార్డులను తెచ్చినవి. ఈ పద్ధతి ఇప్పుడు పట్టణపు దుకాణముల గల్లాపెట్టె వరకు వచ్చినది.

ఈ బహుమానములకు సొమ్ము ఎక్కడనుండి వచ్చును? కార్డుతో జరుగు ప్రతి అమ్మకముపై దుకాణదారుడు కొంత రుసుము చెల్లించవలెను. అది సరుకు ధరలోనే కలియును గనుక, కార్డు లేక నగదు ఇచ్చి కొను కూలివాడును ఆ ధరనే చెల్లించుచున్నాడు. ఇంకను కార్డుపై ఏటేట తీసికొను రుసుములు గలవు. గడువు తప్పినవారు కట్టు జరిమానాలును, పూర్తిగా కట్టలేనివారు కట్టు వడ్డీయు గలవు. ఫలాని దుప్పటి ఫలానివాని వడ్డీతో కొనబడెనని ఎవరును చూపలేరు. అయినను అన్నియు ఒక్క చెరువులో కలియు నీళ్లే. తూము విప్పి పొలము తడుపుకొనువాడు ఆ నీరు ఏ వాగునుండి వచ్చెనో అడుగకపోవచ్చును. వాగులేకుండ మాత్రము చెరువు నిండదు.

అట్లయిన కార్డు ఉంచుకొనుట పాపమా? ఇక్కడ రెండు తొందరపాటు జవాబులు గలవు. "సంతకము చేసినవాడు అతడే, అనుభవించువాడును అతడే" అనునది మొదటిది. ఇందులో కొంత సత్యము గలదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువే బోధించెను (లూకా 14:28). అయితే గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో, ఎవని బరువు వాడే మోయవలెనని చెప్పిన అపొస్తలుడే, ఒకరి భారమొకరు మోయవలెననియు చెప్పెను. మొదటి మాట పట్టుకొని రెండవది విడిచిపెట్టుటకు మనకు అధికారము లేదు. "కార్డులన్నిటిని పొయ్యిలో వేయుడి" అనునది రెండవ జవాబు. అందుకు మాస్టారుగారే మమ్మును ప్రశ్నించిరి: "నేను మానేస్తే అతని వడ్డీ తగ్గుతుందా అండి?" తగ్గదు. అదియు సత్యమే.

ఇట్టి చిక్కునే కొరింథు సంఘము ఎదుర్కొనెను. విగ్రహములకు అర్పించిన మాంసము అంగడిలో అమ్ముచుండిరి. విగ్రహము వట్టిదని ఎరిగినవారు నిశ్చింతగా తినిరి. వారి జ్ఞానము తప్పని పౌలు చెప్పలేదు. పౌలు మాంసము మానినంతమాత్రమున కొరింథులోని అంగడి మూతపడదు. అయినను ఆయన మానుటకు సిద్ధపడెను. ఎందుకు? అంగడిని గూర్చి కాదు, తన్ను చూచుచున్న సహోదరుని గూర్చి. బలముగలవాడు తినుట చూచి బలహీనుడు తినును; బలముగలవాడు నిలుచును, బలహీనుడు పడును. కాబట్టి మొదటివాడు విచారించవలసినది, "ఇది నాకు తగునా" అనునది మాత్రమే కాదు. "నేను చేయుట చూచి నా సహోదరుడు ఏమి నేర్చుకొనును" అనునది కూడ.

మాస్టారుగారికి నెల మొదటి తేదీకి జీతము వచ్చును. కష్టకాలమునకు దాచిన సొమ్ము గలదు. లెక్కల పుస్తకము గలదు. ఆ కార్డు ఆయనకు సాధువైన ఎద్దు వంటిది. పగ్గము పట్టుట రానివానిని అదే ఎద్దు పొడిచెను. పాయింట్లు తీసికొనుట ఆయన తప్పు కాదు. సగము సంగతి మాత్రమే చెప్పుటయే తప్పు. బహుమానము చూపెను, బిల్లు చూపలేదు. మేమును ప్రసంగపీఠము మీదనుండి దుప్పట్లనే చూపితిమి.

దావీదు చరిత్రలో ఒక సంగతి గలదు (2 సమూయేలు 23:15-17). బేత్లెహేము బావి నీళ్లకు అతడు ఆశపడగా, ముగ్గురు శూరులు శత్రువుల దండు మధ్యగా చొచ్చుకొనిపోయి తెచ్చిరి. అతనికి ఆ నీళ్లు ఉచితముగానే వచ్చినవి. అయితే అతడు త్రాగలేదు. "వెళ్లుడని నేను ఆజ్ఞాపించలేదు గదా" అని తప్పించుకొనలేదు. తనకు ఖర్చు లేనిదానికి ఇతరులు ఏమి పెట్టిరో చూచి, ఆ నీళ్లను ప్రభువు సన్నిధిని పారబోసెను. మన చేతికి ఉచితముగా వచ్చినదానిని చూచి, దీనికి ఎవరు వెల పెట్టిరని అడుగగల కన్ను విశ్వాసికి ఉండవలెను.

తరువాత జరిగినది చెప్పెదము. విధవరాండ్రు అప్పటికే కప్పుకొన్న దుప్పట్లను మేము తిరిగి తీసికొనలేదు. మాస్టారుగారు ఐదు దుప్పట్ల వెలను తన జీతమునుండి బీదల నిధిలో వేసిరి. వెలలేని అర్పణను అర్పింపనని దావీదు చెప్పిన సంగతి (2 సమూయేలు 24:24) తనకు జ్ఞాపకము వచ్చెనని అనిరి. ఆయనయే ఆ యౌవనుని భార్య యెదుట కూర్చుండబెట్టి, సంగతి చెప్పించి, మిగిలిన అప్పును వడ్డీ లేకుండ తీర్చిరి. అతడు నెలకు 1,500 చొప్పున ఆయనకు ఇచ్చుచున్నాడు. ఒక నెల ఇయ్యలేకపోయెను. ముందే వచ్చి చెప్పెను. మాస్టారుగారు తన కార్డును ఉంచుకొనిరి. మానుమని మేము చెప్పలేదు. అయితే కార్డు అడిగిన ఇద్దరు యౌవనులకు లెక్క అంతయు చూపిరి. ఒకడు మానుకొనెను, ఒకడు తీసికొనెను. మేమును తరువాతి ఆదివారమున, ఎవరి పేరును ఎత్తక, మా పొరపాటును సంఘము యెదుట ఒప్పుకొంటిమి.

మన కుటుంబముల మేలుకొరకు కొన్ని మాటలు. గడువునకు మొత్తము కట్టగలిగిననే కార్డుతో కొనుడి. "కనీస మొత్తము" అనునది అప్పు తీర్చు మార్గము కాదు. బాకీ మిగిలియున్నప్పుడు, కొత్తగా కొన్నవాటికిని వడ్డీలేని గడువు పోవును. మీ సమ్మతి లేకుండ కార్డు ఇయ్యరాదనియు, బాకీ తీర్చినవాడు మూసివేయుమని కోరిన ఏడు పనిదినములలో మూసివేయవలెననియు రిజర్వు బ్యాంకు 2022లో నిర్దేశించినది. చట్టమే వడ్డీకి కంచె వేయునని నమ్ముకొనకుడి. నూటికి 30 దాటిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసినది. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటివారికి తెలియని అప్పు చేయకుడి. అప్పుపడినవాని దాస్యమును గూర్చి జ్ఞాని హెచ్చరించెను (సామెతలు 22:7). దాచిన అప్పు ఆ దాస్యమును రెండింతలు చేయును.

ప్రియులారా, మన రక్షణయు ఉచితమే. అయితే అది వెలలేనిది కాదు. మనము చెల్లించలేదు గాని చెల్లించినవాడొకడు గలడు. లోకపు ఉచితమునకును దేవుని ఉచితమునకును భేదమిదియే: లోకములో తెలియనివాడు, చేతగానివాడు మనకొరకు చెల్లించును, సిలువమీద సమస్తము ఎరిగినవాడు, శక్తిగలవాడు, తన యిష్టముచొప్పున చెల్లించెను. అట్టి కృప పొందినవారము బలహీనుని నష్టమును మన లాభముగా ఎంచుకొని ఆనందింపగలమా? ఈ నెలలో మన చేతికి వచ్చు ప్రతి బహుమానమును గూర్చి ప్రభువు సన్నిధిని ఈ ప్రశ్న అడుగుదము.

దయగల తండ్రీ, మా కన్నులు తెరువుము. మా సహోదరుడు పడిన చోట మేము నిలిచియుండుటనుబట్టి అతిశయింపక, అతనికి చెయ్యి అందించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.