దోషమును దాచి పరిహారము కోరవచ్చునా?

వైద్యుని వద్దను, వకీలు వద్దను దాపరికము పనికిరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాట మనమందరము విన్నదే, మన పిల్లలకు చెప్పినదే. అయినను అక్కర వచ్చినప్పుడు దీనిని పాటించువారు అరుదు. రోగము పోగొట్టుమని వేడుకొందుము. ఆ రోగమునకు దారితీసిన మన నడవడిని మాత్రము మరుగుపరతుము. ఇట్లు దాచినవానికి పరిహారము కోరు అర్హత కలదా? కలదనుకొన్నను, అట్టి పరిహారము నిలుచునా? నా జీవితములో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది ఒక పాత కారు. చదువరులు నవ్వుకొనక చిత్తగింతురుగాక.

నేటి కార్లలో ఇంజనును నడిపించునది ఒక చిన్న అల్యూమినియపు పెట్టె. దానిని ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్ అందురు. మెకానిక్కులు క్లుప్తముగా ఈసీఎం అని పిలుతురు. పూర్వము పెట్రోలును గాలితో కలిపి ఇంజనునకు అందించు పని కార్బురేటరుది. 1979లో జర్మనీ దేశమున బీఎండబ్ల్యు 732ఐ అను కారులో బాష్ సంస్థవారి మోట్రానిక్ అను యంత్రమును అమర్చిరి. ఇంధనము ఎంత పోవలయునో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలయునో ఈ రెంటిని ఒకే కంప్యూటరు నిర్ణయించు పద్ధతికి అది ఆరంభము. మన దేశములోను కాలుష్య నియమములు బిగిసినకొలది కార్బురేటరు తొలగి, ఈ పెట్టె ప్రతి కారులోను చోటుచేసుకొన్నది.

ఇంజను ఎంత వేగముగా తిరుగుచున్నదో, నీరు ఎంత వేడెక్కినదో, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలినదో సెన్సార్లు అను పరికరములు ఈ పెట్టెకు విన్నవించుచుండును. ఆ విన్నపములను బట్టి అది ఆజ్ఞలిచ్చును. నిప్పురవ్వ పుట్టించునది ఇగ్నిషన్ కాయిలు. పండ్రెండు వోల్టుల బ్యాటరీ విద్యుత్తును వేలకొలది వోల్టులకు పెంచుట దాని పని. మా కారు వంటి వాహనములలో కాయిలులోని కరెంటును ఆపుచు వదలుచు ఉండునది ఈసీఎం లోపలి ట్రాన్సిస్టరు. కాయిలు చెడి అధిక కరెంటు లాగినచో ఆ ట్రాన్సిస్టరునకు ముప్పు. అట్టి వేళ దారి మధ్యనున్న ఫ్యూజు ముందుగా తాను కాలి, తక్కినవానిని కాపాడును. కాలుట ఫ్యూజునకు లోపము కాదు. అదియే దాని ధర్మము.

ఈ ఫ్యూజు పాఠమును పదవ తరగతి పిల్లలకు ముప్పది ఏండ్లు చెప్పినవాడను నేను. ఈ సంగతి ఇచ్చట ఏల చెప్పితినో ముందు తెలియగలదు.

2017 వేసవిలో నా భార్యతోను, మనుమనితోను ఒంగోలు నుండి నెల్లూరునకు పోవుచుంటిని. టంగుటూరు దాటి సింగరాయకొండ చేరకముందే ఇంజను ఆగిపోయెను. నడియెండ, నీడ లేదు. దగ్గరి దుకాణము నుండి వచ్చిన ఎలక్ట్రీషియను పదిహేను ఆంపియర్ల ఫ్యూజు కాలినదని చూపి, కొత్తది వేసెను. నాలుగు మైళ్ళు పోకమునుపే అదియు కాలెను. మరల అతనినే పిలిపించితిని. అప్పుడతడు ఫ్యూజు స్థానమున రాగితీగ పోగు నొకదానిని చుట్టి, "ఇది ఇంటికి చేరేవరకేనండీ. వెళ్ళగానే చూపించుకోండి, మర్చిపోకండి" అని రెండుసార్లు హెచ్చరించెను.

ఇల్లు చేరితిమి. కారు చక్కగా నడచుచుండెను. నడచుచున్నదానిని విప్పించుట ఎందుకను సోమరితనము నన్ను పట్టుకొన్నది. మూడు వారములు గడచినవి. ఒకనాటి ఉదయము ఇంజను కుంటి గుఱ్ఱమువలె అదరుచు నడచెను. ముందు పలకపై పసుపుపచ్చ దీపము వెలిగెను.

మా ఊరి మెకానిక్కు నలుబది ఏండ్లవాడు, నెమ్మదస్తుడు, పనిమంతుడు. పేరు చెప్పుట ఆయనకు ఇష్టముండదు. ఆయన యంత్రము తగిలించి, మొదటి సిలిండరు కాయిలు దారిలో దోషమున్నదని చదివెను. కాయిలునకు కరెంటు వచ్చుచున్నదా యని చూచెను, వచ్చుచున్నది. కాయిలు నిరోధమును మీటరుతో కొలిచెను, సరిగానున్నది. తీగలు తెగలేదు. ఈసీఎం నుండి రావలసిన సంకేతము మాత్రము వచ్చుటలేదు. కావున ఈసీఎం చెడినదని నిశ్చయించెను. అంతయు సక్రమమైన పరీక్షయే. తుదకు నన్నొక ప్రశ్న అడిగెను: "మాస్టారూ, ఈమధ్య ఫ్యూజు ఎప్పుడైనా పోయిందా?"

నా భార్య ప్రక్కనే యున్నది. ఆ మెకానిక్కు కుమారుడు మా పాఠశాలలో నా శిష్యుడు. ఫ్యూజు పాఠము చెప్పిన నోటితో, ఫ్యూజునకు బదులు రాగితీగతో మూడు వారములు తిరిగితినని చెప్పుటకు నా నాలుక రాలేదు. "లేదు నాయనా" అంటిని.

ఆయన నమ్మెను. బ్యాటరీ ఋణధ్రువమును విప్పి, పాత పెట్టెను తీసి, అదే భాగసంఖ్య గల కొత్తదానిని తెప్పించెను. ఒక్క అంకె తేడాయున్నను వేరొక ఇంజను కొలతలు వచ్చిపడును గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. పిమ్మట తాళపుచెవిలోని చిప్పును కొత్త పెట్టెకు పరిచయము చేసెను. ఈ పరిచయము జరుగనిచో సొంత తాళముతోనే కారు కదలదు. మొత్తము 18,000 రూపాయలు అయినవి.

తొమ్మిదవ దినమున కారు మరల కుంటెను. కొత్త ఈసీఎంలో అదే స్థానము కాలినది.

మెకానిక్కు చాలసేపు మౌనముగా నిలిచెను. "కొత్తది కూడా పోయిందంటే నేనేదో చూడలేదు మాస్టారూ. తప్పు నాదే. ఇంకొకటి తెప్పిస్తాను, దాని డబ్బు మీరివ్వనక్కరలేదు" అనెను. ఆయన నెల సంపాదనలో అదెంత భాగమో నాకు తెలియును. ఆ సాయంకాలము నేను ఏమియు మాటాడక ఇంటికి వచ్చితిని. నిజము చెప్పకున్నచో నాకు రూపాయి నష్టము లేదు. ఎవరును నన్ను తప్పుపట్టరు. తప్పు తనదేయని ఒప్పుకొన్నవాడు ఎదుట నిలిచియున్నాడు!

ఆ రాత్రి నాతో నేను చేసిన వాదమును దాచక చెప్పెదను. పరీక్షించి కనుగొనుట వాని వృత్తి కాదా? దానికే కదా కూలి తీసికొనునది? ఫ్యూజు పెట్టె తెరచి చూడవలసినవాడు వాడే కదా? వాహనము తెచ్చినవాడు సమస్తము చెప్పవలయునను నియమమెక్కడిది? ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. మనకు తెలియనిదానికి మనము బాధ్యులము కాము. కాని ఆయన అడిగినది నాకు తెలిసినదానిని. కరెంటు వచ్చుచున్నప్పుడు ఫ్యూజు పెట్టె తెరువవలసిన అగత్యము ఆయనకు లేదు; అడిగి తెలిసికొనుటయే దారి. ఆ దారికి నేను అడ్డుగోడ కట్టితిని.

తెల్లవారగనే పోయి చెప్పితిని. ఆయన కోపపడలేదు. ఫ్యూజు పెట్టె తెరచి, రాగితీగను పీకి, నా అరచేతిలో పెట్టెను. "ఈ ముక్క ఆరోజే చెప్పుంటే కాయిల్‌ని వేడిచేసి చూసేవాణ్ణి మాస్టారూ" అనెను. అప్పుడు వేడిగాలి యంత్రముతో కాయిలును కాచి మీటరు పెట్టెను. చల్లగా నున్నప్పుడు సరిగా చూపిన నిరోధము, వేడెక్కగనే పడిపోయెను. కాయిలు లోపలి చుట్టలు వేడికి ఒకదానినొకటి అంటుకొనుచున్నవి. అందువలననే నాడు నడియెండలో ఫ్యూజులు కాలినవి. కాలి చెప్పవలసినదానిని రాగితీగతో మూగను చేసితిమి గనుక, ఆ దెబ్బ ఈసీఎంపై పడినది. ఒకటి కాదు, రెండు. కాయిలు, అసలైన ఫ్యూజు, మూడవ ఈసీఎం, అన్నింటి వెలయు నేనే చెల్లించితిని. అటుపిమ్మట ఆ కారు మొరాయించలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రములో నాలుగవ అధికరణము కారుకరక్షణము అను అధ్యాయముతో మొదలగును. నేతపనివారు, స్వర్ణకారులు, వైద్యులు మొదలగువారు మోసగింపకుండ ప్రజలను కాపాడు విధులు అందు గలవు. అవి కావలసినవే. ఎదుటివానికి కనబడని పని చేయువాని చేతిలో ఎదుటివాని ధనము నిక్షేపమువంటిది. కాని పని చేయించుకొనువాని నుండి పనివానిని కాపాడునది ఏది? అతడు అడిగినప్పుడు మనము చెప్పు సత్యము తప్ప వేరొకటి లేదు.

ఈ పెట్టె గుణము మరియొకటి గమనింపదగినది. దోషము కలిగిన క్షణమున వేగమెంత, వేడిమి యెంత అను వివరములను అది తనలో వ్రాసికొనును. చిత్రగుప్తుని చిట్టా వంటిదన్నమాట. పాత కారు అమ్మబోవువారు కొందరు ఆ వ్రాతను యంత్రముతో చెరిపివేయింతురు. ఓబీడీ రెండవ తరము పద్ధతి గల కార్లలో అట్లు చెరిపినప్పుడు, కారు తన్నుతాను పరీక్షించుకొన్న ఫలితములు కూడ చెరిగి, పరీక్షలు పూర్తికాలేదని చూపును. తగినంత దూరము నడచినగాని అవి మరల పూర్తికావు. చెరిపినవాడు చెరిపిన జాడను చెరుపలేడు.

మనలను మనము దిద్దుకొనుటయందును ఇదే న్యాయము. ప్రాయశ్చిత్తమనగా చెడినదాని స్థానమున కొత్తదానిని పెట్టుట మాత్రమే యనుకొందుము. మూలము చూపక పెట్టిన కొత్తది పాతదాని దారినే పట్టును. మూలమును ఎట్లు గుర్తించుట యందురా? అడిగినప్పుడు ఏ మాట చెప్పుటకు మన నాలుక వెనుదీయునో, తరచుగా మూలము అచ్చటనే యుండును.

నేను చెల్లింపజాలని బాకీ ఒకటి మిగిలినది. నాటినుండి ఆ మెకానిక్కు కారు తెచ్చినవారిని ఫ్యూజు పోయినదా యని అడుగుట మానినాడు. తానే పెట్టె తెరచి చూచును. పనికి అది మంచిదే. కాని అడిగిన మాటకు నిజము చెప్పుదురను నమ్మకము ఆయనలో కొంత తరిగినది. రాగితీగ ముక్క ఇప్పటికిని నా బల్ల సొరుగులో నున్నది.