ఒత్తు పలకని నోళ్ళు

ఏ భాషా ఇంకో భాష కంటే గొప్పది కాదు. ఏ మాండలికమూ తప్పు కాదు. ప్రతిదానికీ దాని వ్యాకరణం దానికుంటుంది. ఎమ్మే ఇంగ్లీషు మొదటి సంవత్సరం భాషాశాస్త్రం పేపర్లో ఈ మూడు వాక్యాల్ని ఇంగ్లీషులో రాసి, వాటి చుట్టూ నాలుగు పేజీలు నింపాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ పరీక్షకు నెల రోజుల ముందు మా అమ్మ హాస్టలుకొచ్చింది. సద్దిమూటలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తెచ్చింది. నేను ఆమెను గది దాకా తీసుకుపోలేదు. గేటు పక్కన చింతచెట్టు కింద కూచోబెట్టాను. "గట్టిగ మాట్లాడకే" అన్నాను. "ఎందుకు బిడ్డా, లోపట ఎవలన్న పండుకున్నరా?" అని అడిగింది. ఎవరూ పడుకోలేదు. నా గదిలో ఊరి కులాల పిల్లగాడు ఉన్నాడు. మా అమ్మ మాట వాడి చెవిన పడొద్దని నా బాధ. ఆమె మాట వింటే నేనెవరో తెలిసిపోతుంది. తెలియక కాదు, తెలుసు. అయినా వినపడొద్దు.

ఆ పేపరు రాసిందీ నేనే, గేటు కాడ తల్లి నోరు మూసిందీ నేనే. ఒక మాట నిజమని తెలిసి, దాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని, బతుకులో మాత్రం దానికి ఎదురుగా నడిచే మనిషిని ఏమనాలి? అబద్ధాలకోరు అనొచ్చు. కానీ నేను రాసిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే చిక్కు.

నా నోట్లో కొన్ని అక్షరాలు లేవని నాకు బడిలోనే తెలిసింది. పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివించేవాళ్ళు. ఒకరోజు నా వంతు వచ్చింది. 'భ' అనాల్సిన చోట 'బ' అన్నాను. సారు ఆపాడు. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ 'బ' అనే అన్నాను. "గొడ్డుకూర తిని తిని నాలిక మందమైంది వీడికి" అన్నాడు. అందరూ నవ్వారు. మా వాడ పిల్లలు కూడా నవ్వారు, నవ్వకపోతే తర్వాతి వంతు వాళ్ళదే కాబట్టి. మా ఇంట్లో భూమి బూమే, ధనం దనమే, కథ కతే. శ, ష, స మూడూ ఒకటే స. చదువు సదువు, నీళ్ళు నీల్లు, హైదరాబాదు ఐద్రాబాదు. ఆ సాయంత్రం నేను గోడకెదురుగా నిలబడి 'భ భ భ' అని సాధన చేస్తుంటే, లంద కాడ తోలు తిరగేసి వచ్చిన మా నాయిన "ఏందిరా, కుక్క లెక్క మొరుగుతున్నవ్" అన్నాడు. వారం రోజులకు ఒత్తు పట్టుబడింది. పట్టుబడ్డాక ఇంట్లో అక్కను సరిదిద్దడం మొదలుపెట్టాను. సారు పని నేనే చేశాను, జీతం లేకుండా.

యూనివర్సిటీలో ఇంగ్లీషు ధ్వనిశాస్త్రం చెప్పిన సారు పాఠం ఇంకా గుర్తుంది. నోటికెదురుగా సన్నటి కాగితం ముక్క పట్టుకొని 'పిన్' అంటే ఇంగ్లీషువాడి నోటిముందు కాగితం ఊగుతుందట. 'స్పిన్' అంటే ఊగదట. మాట మొదట్లో ఒత్తి పలికే చోట వచ్చే ప, ట, క లకు వాళ్ళు గాలి కలుపుతారు, స తర్వాత వస్తే కలపరు. ఇది పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న. సారు కాగితం పట్టుకొని 'పిన్' అన్నాడు. కాగితం కదల్లేదు. ఇంకోసారి అన్నాడు. కదల్లేదు. తెలుగు భాగవతం కంఠతా వచ్చినాయన, ఒక్క ఒత్తు పొల్లుపోనీయడు. ఇంగ్లీషులో ఒత్తు పలకాల్సిన చోట మాత్రం ఆయన నోరు మా అమ్మ నోరే. ఆయనను ఎవరూ నాలిక మందం అనలేదు. "ఇండియన్ ఇంగ్లీషులో ఇంతే" అని ఆయనే సర్దుకున్నాడు. ఆ సర్దుబాటు ఆయనకుంది, నాకు ప్రార్థనలో లేదు. తేడా అంతా అక్కడే.

తర్వాత గ్రంథాలయంలో కూచుని చదువుకుంటే ఇంకో సంగతి తెలిసింది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం బిడ్డలు కావు, వాటిది వేరే కుటుంబం అని 1816లోనే ఎల్లిస్ చూపించాడు. 1856లో కాల్డ్వెల్ దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మూల ద్రావిడంలో ఒత్తక్షరాలు లేవు. అవి సంస్కృతం మాటలతో పాటు వచ్చి చేరాయి. అంటే ఏ లోపానికి నన్ను నిలబెట్టి నవ్వారో అది లోపమే కాదు, ఆ భాష మొదటి స్వభావం. ఇది చదివిన రోజు గాలిలో నడిచాను. వారం పోయాక అనుమానమొచ్చింది. పాతది కాబట్టి గొప్పది అనుకుంటే అది మళ్ళీ బాపన లెక్కే కదా. పైగా 'చదువు'ను 'సదువు' అనడం పాతది కాదు, తర్వాత వచ్చిన మార్పు. పాత ధ్వనికి గౌరవం, కొత్త ధ్వనికి సిగ్గు అనుకుంటే మా అమ్మ నోట్లో సగానికే గౌరవం దక్కుతుంది.

ధ్వనిలో ఏమీ లేదు. 1962లో లబోవ్ అనే ఆయన న్యూయార్కులో మూడు రకాల దుకాణాలకు పోయి అమ్మేవాళ్ళను నాలుగో అంతస్తు గురించి అడిగాడు. ఖరీదైన దుకాణంలో 'ఫోర్త్ ఫ్లోర్'లో ర ఎక్కువ వినిపించింది, చౌక దుకాణంలో తక్కువ. అక్కడ ర పలకడం పెద్దింటి గుర్తు. లండనులో పెద్దింటివాళ్ళు అదే ర ను మింగేస్తారు. అక్కడ అది మింగడమే గొప్ప. అదే లండనులో కూలిజనం 'హ' వదిలేసి ఆస్పిటల్ అంటే నవ్వుతారు, మా ఐద్రాబాదుకు నవ్వినట్టే. నవ్వేది ధ్వనిని చూసి కాదు, దాని వెనకున్న మనిషిని చూసి.

నన్ను అన్నిటికంటే కదిలించింది గంపర్జ్ అనే ఆయన 1958లో అచ్చేసిన వ్యాసం. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊరు. ఆ ఊళ్ళో చమార్లు, పాకీపని చేసేవాళ్ళు మాట్లాడే మాటకూ మిగతా ఊరి మాటకూ తేడా ఉంది. వీళ్ళు రోజూ పెద్దకులాల ఇళ్ళలో, పొలాల్లో పనిచేస్తారు, పొద్దస్తమానం వాళ్ళ మాట వింటారు. మరి ఆ మాట వీళ్ళ నోటికెందుకు ఎక్కలేదు? పని కాడ కలిసినందుకు మాట కలవదు, తీరిగ్గా కూచుని ముచ్చట పెట్టుకునేవాళ్ళ మధ్యే మాట కలుస్తుంది అని ఆయన తేల్చాడు. పిల్లలు ఎవరితో ఆడుకుంటారో, సాయంత్రం ఎవరి అరుగు మీద ఎవరు కూచుంటారో, దాన్నిబట్టే నోరు తయారవుతుంది.

మా అమ్మ ముప్పై ఏళ్ళు పటేలు వాకిలి ఊడ్చింది. పేడ ఎత్తింది. "ఇది ఎత్తు", "అవతల నిలబడు", "గిన్నె దూరంగ పెట్టు" అనే మాటలే ఆ ఇంట్లో ఆమెకు దక్కాయి. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు ఆ అరుగు మీద కూచోలేదు. ఆమె నోట్లో ఒత్తు లేదంటే ఆ అరుగు లేదని అర్థం. అంటరానితనం బావి కాడ, గుడి కాడ ఉంటుందని మనం రాస్తాం. అది అచ్చులలో హల్లులలో కూడా ఉందని లెక్కగట్టి చూపినవాడు ఆ తెల్లాయన.

మరి ఇది పరీక్షలో రాశానా? రాయలేదు. ప్రశ్న వచ్చింది, మాండలికం, ప్రామాణిక భాష మీదనే. కలం పట్టుకుని ఆలోచించాను. పేపరు దిద్దేవాడెవడో తెలియదు. పటేలు వాకిలి అని రాస్తే వాడికి నేనెవరో తెలుస్తుంది. బజారు గైడులో ఉన్న లండను ఉదాహరణలే రాసి వచ్చాను. గేటు కాడ చింతచెట్టు కింద కూచోబెట్టినట్టే, పేపర్లో కూడా అమ్మను బయటే కూచోబెట్టాను.

ఆ ఏడే బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మాలియన్' చదివాను. 1914లో లండనులో ఆడింది. పూలమ్మే పిల్లకు ఒక భాషాశాస్త్ర ప్రొఫెసరు దొరసాని ఇంగ్లీషు నేర్పి పందెం గెలుస్తాడు. గెలిచాక ఆ పిల్ల అడిగే ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నేనెక్కడికి పోవాలి, పూలమ్మడానికి పనికిరాకుండా చేశావు అని ఆమె గోడు. మా క్లాసులో అందరూ దాన్ని హాస్యనాటకంగా చదివారు.

ఇంగ్లీషు వద్దంటున్నానని అనుకోకండి. అంబేడ్కర్‌కు బడిలో సంస్కృతం చెప్పనన్నారు, పార్శీ చదువుకోవలసి వచ్చింది. తర్వాత సంస్కృతం ఆయనే కష్టపడి నేర్చుకున్నాడు. కానీ లోకంతో మాట్లాడింది ఇంగ్లీషులో. సావిత్రిబాయి ఫూలే 1854లో వేసిన కవితల పుస్తకంలోనే ఇంగ్లీషు నేర్చుకోమని చెప్పింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం అని ఉత్తర్వులిచ్చినప్పుడు, మాతృభాష ఏమైపోతుందో అని ఏడ్చినవాళ్ళలో తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపనివాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. 'నీ యాస ఎంత బాగుందో, అలాగే ఉండు' అని మనతో అనేవాడి పిల్లాడు ఏం చదువుతున్నాడో ఒకసారి కనుక్కోండి. మా అమ్మ మాట తప్పు కాదు. అంతమాత్రాన ఆ మాటతోనే ఉండిపో అనడం న్యాయం కాదు.

ఇక్కడిదాకా నాకు స్పష్టంగానే ఉంది. స్పష్టం కానిది తర్వాత జరిగింది.

నేను డిగ్రీ కాలేజీలో లెక్చరరునయ్యాను, ఎమ్మే పేపర్లు దిద్దడానికి పిలుపు వచ్చేది. ఒక వేసవిలో వాల్యుయేషన్ క్యాంపులో అదే ప్రశ్న, మాండలికం మీద, ఇరవై మార్కులకు. ఒక కట్టలో ముప్పై మంది గైడు రాశారు. లండను, న్యూయార్కు, ఏ మాండలికమూ తక్కువ కాదు. నేను రాసినవే. పదమూడు, పద్నాలుగు వేస్తూ పోయాను. ఒక పేపరు దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు విరిగిపోయి ఉంది. 'షి డోంట్ నో' అని రాసి ఉంది, కాలాలు కలిసిపోయాయి, స్పెల్లింగులు సరిగ్గా లేవు. కానీ రాసింది వాళ్ళ నాయనమ్మ గురించి. ఆమె 'శనివారం' అనలేదు, 'సనివారం' అంటుంది, బడిలో దీనికి దెబ్బలు తిన్నాను, కానీ ఆమె ప్రతిసారీ స అనే అంటుంది, ఒకసారి అటు ఒకసారి ఇటు అనదు, కాబట్టి అది తప్పు కాదు, నియమం అని రాశాడు. వాడో, ఆమెనో. గైడు నుంచి ఒక్క ముక్క లేదు. భాషాశాస్త్రమంటే అదే. నేను గేటు బయట కూచోబెట్టిన మనిషిని ఈ బిడ్డ పేపర్లోకి తీసుకొచ్చింది.

పన్నెండు వేశాను. చీఫ్ ఎగ్జామినరు తిరగేస్తూ చూశాడు. "ఈ ఇంగ్లీషుకు పన్నెండా? ఏం సార్, మీవాడా?" అన్నాడు నవ్వుతూ. పేపర్ల మీద పేరుండదు, కోడు నంబరే. అయినా ఆయనకు తెలిసింది, ఇంగ్లీషును చూసి.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న వాదం ఇది. నాయనమ్మ 'సనివారం' ఆమె భాష, అందులో తప్పు లేదు. ఈ పిల్లవాడి 'షి డోంట్' అట్లాంటిది కాదు. అమెరికా నల్లవాళ్ళ ఇళ్ళల్లో ఆ మాట వాళ్ళ భాష నియమం కావచ్చు, మన దగ్గర అది నేర్పని బడి వదిలిపెట్టిన ఖాళీ. ఆ ఖాళీని మార్కులతో కప్పితే రేపు ఇంటర్వ్యూలో బయటపడుతుంది, అక్కడ జాలిపడేవాడుండడు. వాదం తప్పేమీ కాదు. ఇప్పటికీ సరైందే అంటాను. కానీ చెయ్యి కదిలింది ఆ వాదం వల్ల కాదు, "మీవాడా" అన్న మాట వల్ల. పన్నెండు కొట్టేసి తొమ్మిది వేశాను. సంతకం చేశాను. లోపల మొదటి పేజీ మీద కూడికలు చేస్తే ముప్పై ఎనిమిది వచ్చింది. పాసుకు నలభై. ఇంకో సంతకం చేసి పన్నెండు వేయొచ్చు. వేయలేదు.

విరిగిన ఇంగ్లీషుకు ఎంత తగ్గించాలి అని మిత్రులు అడుగుతారు. ఆలోచనకు పరీక్ష పెడితే ఆలోచనకే మార్కులేయాలి, భాష నేర్పాల్సింది పరీక్షకు ముందు, క్లాసులో, అంటాను. ఒకాయన "మరి నేర్పకుండానే పరీక్ష వచ్చేస్తే?" అని అడిగాడు. ఎప్పుడూ వచ్చేది అట్లాగే. నేర్పడంలో తప్పు బడిది. శిక్ష మాత్రం పిల్లవాడిది. దిద్దేవాడి చేతిలో ఉన్నది ఆ శిక్ష తూకమే. ఆ తూకంలో నా భయాన్ని కూడా వేసి తూచాను. అది మాత్రం ఏ వాదంలోనూ ఇమడదు.

ఆ కోడు నంబరు వెనకున్న పేరు నాకెప్పటికీ తెలియదు. గ్రేసు మార్కులు కలిపారో లేదో, మళ్ళీ రాశాడో లేదో. మళ్ళీ రాస్తే ఈసారి గైడు రాసి ఉంటాడు.

ఈ వ్యాసం కూడా పటేలు అరుగు మీది తెలుగులోనే రాశాను, చూశారు కదా. మా అమ్మకు చదివి వినిపించాను. సగందాకా విని, "గా పిలగానికి ఎన్ని మార్కులేస్తివి?" అని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. లేచి పోయి పొయ్యి ఊదింది.