నొప్పి లేని పాదము

నొప్పి లేనివాడు సుఖి యని లోకము తలంచును. పాదములలో స్పర్శ నశించినవాని యెదుట ఈ మాట నిలువదు. చెప్పు కాలినుండి జారిపోయిన సంగతి, నాలుగడుగులు నడచిన పిమ్మట ఎవరైనను చెప్పినప్పుడు గాని అతనికి తెలియదు. ముల్లు దిగి చీముపట్టి, పక్కబట్టపై మరక కనబడువరకు గాయమున్నదని ఎరుగడు.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 మొదలుకొని పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతిని కుష్ఠురోగుల చేతులయందును పాదములయందును పరిశీలించెను. రోగము వలననే మాంసము కుళ్లి వ్రేళ్లు రాలిపోవునని ఆ దినములలో నమ్మెడివారు. అయితే నరములు చెడి నొప్పి తెలియకపోవుటచేత వేడి గిన్నెను పట్టుకొనుట, పుండుపడిన కాలితోనే నడచుట, నిద్రలో ఎలుకలు కొరికినను మేలుకొనకపోవుట మొదలగువాటి వలననే అవి నశించుచున్నవని ఆయన కనుగొనెను. ఫిలిప్ యాన్సీతో కలిసి వ్రాసి 1993లో ప్రచురించిన గ్రంథములో నొప్పిని ఎవరును కోరని వరముగా వర్ణించెను.

ఆ మాట అనుభవమునుండి పుట్టినది. అయినను రోగి మంచము యొద్ద దానిని తొందరపడి పలుకరాదు. నరములు చెడినవారిలో అనేకులకు తిమ్మిరితోపాటు మంటయు ఉండును. రాత్రివేళ దుప్పటి తగిలినను ఓర్వలేరు. దొంగ వచ్చినప్పుడు మొరగని కుక్క, ఎవరును లేని రాత్రి తెల్లవార్లు మొరుగుచున్నట్లుండును. ఇట్టి నొప్పిని వరమనుట సత్యము కాదు, దయయు కాదు.

శరీరము చెప్పుట మానివేసిన దానిని మనుష్యుడు అడిగి తెలిసికొనవలసియున్నది. ఈ వ్యాధికి మధుమేహము ముఖ్య కారణము. బి12 విటమిను కొరత, మద్యపానము, థైరాయిడ్ లోపము, మూత్రపిండముల జబ్బు కూడ కారణములే. మధుమేహమునకు చిరకాలము వాడు మెట్‌ఫార్మిన్ వలన బి12 తగ్గవచ్చును. క్షయకు వాడు ఐసోనియాజిడ్, బి6 తోడుగా ఇయ్యనియెడల, నరములకు హాని చేయగలదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును అరికాలికి తాకించి వైద్యుడు స్పర్శను పరీక్షించును. విద్యుత్తుతో చేయు నరముల పరీక్ష పెద్ద నరపు పోగుల స్థితినే తెలుపును. వేడిని, నొప్పిని మోయు సన్నని పోగులు దానికి అందవు. కనుక పరీక్షలో దోషము కనబడలేదని రోగిని అబద్ధికునిగా ఎంచుట అన్యాయము. ఎంత వెదకినను కారణము దొరకనివారు కూడ కొందరున్నారు.

అడుగుటకే వెరచువారు మరి అనేకులు. తిమ్మిరి యనగానే కుష్ఠు పేరు వినవలసి వచ్చునేమోయని చర్మముమీది మచ్చను దాచుకొందురు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో ఆ రోగము నయమగుచున్నది. ఆలస్యమువలన పోయిన స్పర్శ మాత్రము చాలమందికి తిరిగి రాదు. ఈ ఆలస్యమునకు రోగి భయము ఎంత కారణమో, ఇరుగుపొరుగువారి చూపు అంత కారణము.

పాదరోగముతో వైద్యులను వెదకువానికి ఆసా రాజును ఎత్తిచూపు భక్తులును లేకపోలేదు. వారు దినవృత్తాంతముల రెండవ గ్రంథము 16వ అధ్యాయమును మొదటినుండి చదువుట మేలు. రాజు పాదములకు జబ్బు చేయకమునుపే, తనను గద్దించిన హనానీ దీర్ఘదర్శిని చెరలో వేయించెను. నొప్పి కలిగించు మాటను వినలేక దానిని పలికిన నోటినే మూయించెను. తన పాదమునుగూర్చి నిజము వినగోరి ఆసుపత్రి బల్లపై కూర్చుండువాడు ఆసాకు పోలిక కాడు. మచ్చను దాచుకొనువానికే ఆ పోలిక ఎక్కువ తగును.

పేరు తెలిసినను తెలియకపోయినను పని మిగిలియుండును. ప్రతి రాత్రి అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. వంగలేనివాడు అద్దము పెట్టుకొనవచ్చును, లేక మనుమని కన్నులను అరువడుగవచ్చును. చెప్పులు వేసికొనకమునుపు లోపల రాయి ఉన్నదేమో చేతితో తడవవలెను. స్నానపు నీటి వేడిని పాదముతో పరీక్షింపరాదు. ఇంటిలోనైనను వట్టికాళ్లతో తిరుగరాదు. ఇక ఆదివారము మధ్యాహ్నము మందిరపు ఆవరణములోని బండలు ఎంత కాలునో అందరికిని తెలిసినదే. గుమ్మము వద్ద చెప్పులు విడుచుట మన సంఘములలో అనేకచోట్ల మర్యాదగా వచ్చుచున్నది, మంచిదే. స్పర్శ లేని పాదములవాడు వాటితోనే లోపలికి వచ్చిన దినమున వెనుక వరుసలవారు తల త్రిప్పి చూడనక్కరలేదు.