రాలిన పుల్ల ఎవరిది?

గేదె మనది. అది మేతకు వెళ్తూ పంచాయతీ రోడ్డుమీద పేడ వేసింది. ఆ పేడ ఎవరిది?

నవ్వకండి. ముక్కూ మూసుకోకండి. ధర్మసందేహాలన్నీ నిండుసభలోనే పుట్టాలని ఎక్కడా లేదు. పశువుల కొట్టంలోనూ పుడతాయి. ద్రౌపది అడిగినదానికి భీష్ముడంతటి వాడే ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తప్పుకున్నాడు. పేడ సంగతి అడిగితే ఇంకేం చెప్పేవాడో!

ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందో చెబుతాను. మా అత్తవారి ఊరు మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక బాపట్ల జిల్లా అయింది. సముద్రం దగ్గర, ఇసుక నేల. పంపకాలు అయ్యాక మిగిలిన ఎకరంన్నర సరుగుడు తోట, గట్టు వెంబడి తాటిచెట్లు, నాలుగు గేదెలు, ఓ పెంకుటిల్లు. అన్నీ మా మరిదే చూసుకుంటాడు. మేం పట్నంలో ఉండి, సంక్రాంతికి వెళ్ళి, నాలుగు రోజులు తిని, అరిసెల డబ్బాతో తిరిగివచ్చే బాపతు.

క్రిందటి పండక్కి మా మరిది ఒక కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. దొడ్లో రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ తొట్టి. డాబా వసారా మీద సోలార్ పలకలు. తోట చుట్టూ ఇనుప తీగ కంచె. “ఏమంటావు వదినా?” అన్నాడు. నేను నవలలు రాస్తాను గనుక నాకు లోకజ్ఞానం ఉందని అతని నమ్మకం. (ఎడిటర్లకి ఆ నమ్మకం లేదు.)

గోబర్ గ్యాస్ కొత్త వింతేం కాదు. ఖాదీ కమిషన్ వాళ్ళు ఇనుప డ్రమ్ము తేలే తొట్లను 1960లలోనే ఊళ్ళకు తీసుకువచ్చారు. 1981–82లో కేంద్రం దీనికొక జాతీయ పథకమే పెట్టింది. 1984లో ‘దీనబంధు’ అని ఇటుకల గుమ్మటం రకం వచ్చి ఖర్చు తగ్గింది. పేడకు సమానంగా నీళ్ళు కలిపి గాలి తగలకుండా మూసిపెడితే, కంటికి కనబడని క్రిములు దాన్ని అరగదీసి గ్యాసు వదులుతాయి. నీలి మంట, మసి లేదు. మిగిలిన రొచ్చు పొలానికి ఎరువు. ఇంత ముచ్చటైన ఏర్పాటుకు వద్దనేదెవరు?

అందులోనూ మా తోడికోడలు పడే పాట్లు నేను చూశాను. గేదెల కుడితి కాగాలి, ఉలవలు ఉడకాలి, స్నానాలకి నీళ్ళు కాగాలి. ఇవన్నీ దొడ్డి పొయ్యి మీదే. పాలు దాలిలో పెడితే పిడకల సెగకు పొద్దుగూకేదాకా నెమ్మదిగా కాగి, ఎర్రటి మీగడ కడతాయి. ఆ మీగడ నాకు ప్రాణం. కానీ ఆ మీగడ వెనక ఆవిడ దగ్గు ఉంది. “కట్టెల పొయ్యి మీద వండిన కూర రుచే వేరండీ” అని నిట్టూర్చే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళలో ఒక్కరైనా గొట్టం పట్టుకుని ఆ పొయ్యి ఊదినవాళ్ళు ఉంటారా? ఇళ్ళల్లో నిండే ఈ పొగ మూలంగా 2020లో ప్రపంచం మొత్తంమీద 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. మన హైదరాబాదులోనే ఎస్.పి. రాజుగారనే ఇంజనీరు 1950లలో ఆడవాళ్ళ కళ్ళు కాపాడాలని గొట్టంతో పొగ బయటికి పంపే మట్టిపొయ్యి తయారుచేశారు. ఇన్నేళ్ళు గడిచినా, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో పొగరాని ఇంధనంతో వండుకునే ఇళ్ళు నూటికి 58.6 మాత్రమే.

కాబట్టి గోబర్ గ్యాస్ కట్టాల్సిందే. ఇందులో నాకు రెండో మాట లేదు.

చిక్కంతా లెక్కలో వచ్చింది. ఒక ఘనపు మీటరు గ్యాసు రావాలంటే సుమారు 25 కిలోల పచ్చిపేడ కావాలి. రెండు మీటర్ల తొట్టికి రోజూ 50 కిలోలు. నాలుగు గేదెలు వేసేది అటూ ఇటూగా అంతే. అంటే ఒక్క తట్టెడు కూడా మిగలదు. రోడ్డుమీద పడేది నష్టం. “ఇకమీద గేదెల్ని బయటికి తోలం వదినా, కొట్టంలోనే మేత” అన్నాడు మా మరిది ఉత్సాహంగా. అతను కాగితం మీద వేసిన లెక్కలో ఒక మనిషి లేదు.

ఆ మనిషి మా గేదెల వెనకాల తట్ట పట్టుకుని నడిచే ఒక ముసలామె. మా అత్తగారి రోజుల్లో ఆవిడ తల్లి నడిచేది. పేడ ఎత్తి కాలవ గట్టున పిడకలు చరుస్తుంది. కొన్ని వాడుకుంటుంది, కొన్ని అమ్ముకుంటుంది. మధ్యాహ్నం మా తోటలో రాలిన సరుగుడు ఆకు ఊడ్చి, ఎండుపుల్లలు ఏరి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుపోతుంది. ఎవరూ ఏరుకోమనలేదు. ఎవరూ వద్దనలేదు.

“అవ్వా, నీకు గ్యాసు లేదా?” అని అడిగాను.

“ఎందుకు లేదమ్మా! మూలన ఉంది. ఏడాదికి మూడు బండలు ఊరికే ఇస్తన్నారుగా. చుట్టాలొస్తే అంటిస్తా. అన్నం మాత్రం రోజూ ఉడకాల గదమ్మా!”

ఈ ‘మూడు బండల’ ఏర్పాటు 2024 దీపావళికి మన రాష్ట్రంలో మొదలైంది. 1999లో ‘దీపం’ పథకం, 2016లో ‘ఉజ్జ్వల’, ఆ తర్వాత ఇది. మంచివే. కాదన్నవాళ్ళ నోట్లో మన్ను. కానీ మూడు సిలిండర్లు పన్నెండు నెలలు రావని తెలుసుకోవడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు, నాలాగా బి.ఏ. తెలుగు చాలు. ఆ మిగతా నెలలన్నిటికీ ఆవిడ వంటగది మా తోటలో ఉంది.

“మరి మావాళ్ళు తోటకి కంచె వేస్తామంటున్నారే?” అన్నాను.

ఆవిడ కంగారుపడుతుందనుకున్నాను. కోపం వచ్చింది. “పచ్చికొమ్మ ఇరిస్తే నా చెయ్యి ఇరిగిపోవాల! ఎండింది తప్ప ముట్టానేంటమ్మా ఏనాడైనా?”

చూశారా! ఆవిడ దయ అడగలేదు. తనకీ ఒక చట్టం ఉందనీ, దాన్ని తాను ఏనాడూ తప్పలేదనీ చెప్పింది. పచ్చిది యజమానిది, ఎండి రాలింది ఏరుకున్నవాళ్ళది. ఏ రిజిస్ట్రారాఫీసులోనూ లేని ఈ హద్దు ఆవిడకి తెలిసినంత స్పష్టంగా మాకు మా పొలం సర్వే రాళ్ళు తెలియవు.

ఆలోచిస్తే ఈ చట్టం ఆవిడ ఒక్కతిదే కాదు. కోతలయ్యాక చేలో రాలిన వెన్నుల్ని ఏరుకోవడానికి మన భాషలో ఒక మాటే ఉంది: పరిగె. మాట ఉందంటే ఆచారం ఉన్నట్టే. రాలిన గింజలు ఏరుకుని బ్రతకడాన్ని మన పెద్దలు ఉంఛవృత్తి అని పేరు పెట్టి మరీ గౌరవించారు. ధర్మరాజు అశ్వమేధంలో ముంగిస వచ్చి, ఇంత యాగమూ సక్తుప్రస్థుడు పెట్టిన గుప్పెడు పేలపిండికి సాటిరాదని నవ్విపోయింది కదా! ఆ సక్తుప్రస్థుడు ఏరుకుని తినేవాడే. మనకే కాదు, బైబిలులోనూ పొలం అంచుల దాకా కోయవద్దనీ, రాలింది బీదలకు వదిలిపెట్టమనీ ధర్మం చెప్పారు. రూతు అలా ఏరుకునే కదా తన అత్తగారిని పోషించింది! బైబిలు తెలుగు చేసినవాళ్ళు అక్కడా ‘పరిగె’ అనే రాశారు.

ఇక జర్మనీ దేశంలో 1841లో ఇదే గొడవ శాసనసభ దాకా వెళ్ళింది. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం దొంగతనం కింద లెక్కగట్టాలని భూస్వాములు పట్టుబట్టారు. మరుసటి ఏడాది ఇరవైనాలుగేళ్ళ కుర్రవాడు కార్ల్ మార్క్స్ ఒక పత్రికలో దాన్ని దుయ్యబట్టాడు. పాము విడిచిన కుబుసం పాముకెంత చెందుతుందో, రాలిన పుల్ల చెట్టుకి అంతే చెందుతుందని అతని వాదం. కమ్యూనిజం సంగతి మీ ఇష్టం. కుబుసం మాట మాత్రం మా అవ్వ మాటకు ఆమడ దూరంలో లేదు.

అంతదూరం ఎందుకు? మా పక్కనే పల్నాడు. 1882 అటవీ చట్టం తర్వాత తెల్లదొరలు అడవికి హద్దులు గీసి, పశువుల మేతకు పుల్లరి వసూలుచేశారు. కట్టనని తిరగబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్ళకు నేలకొరిగాడు. ఆయన పేరు చెబితే మా మరిది ఛాతీ ఇప్పటికీ ఉప్పొంగుతుంది. “మరి మన తోటకి కంచె వేస్తే...” అని నేను మొదలుపెట్టగానే, “అది వేరు వదినా!” అన్నాడు.

వేరే. నిజమే. అతను దొరా కాదు, జమీందారూ కాదు. సరుగుడు నాలుగైదేళ్ళు కాస్తేగాని చేతికి రాదు. మధ్యలో ఒక్క తుఫాను వస్తే చాలు. పూర్వం ఈ తీరం వెంట సరుగుడు పెంచిందే వంటచెరకు కోసం. ఇప్పుడు కాగితం గుజ్జు కోసం టన్నుల లెక్కన తూచి కొంటున్నారు. సన్న కొమ్మకి కూడా బేరం ఉంది. అవ్వ నీతి తప్పకపోవచ్చు, అవ్వ మనవడు రాత్రిపూట కత్తితో రాడని హామీ ఏమిటి? పట్నంలో కూర్చుని రెండు సిలిండర్లు పెట్టుకున్న వదినగారికి ధర్మం చెప్పడం తేలిక, తోట కాయడం కష్టం. ఈ మాట అతను అనలేదు. అతని మర్యాద అది. నేనే అతని బదులు అనుకున్నాను.

కానీ సోలార్ పలకల దగ్గర నాకొక తేడా తెలిసింది. ఎండని మనం పట్టుకుంటే ఇంకొకళ్ళ ఎండ తరగదు. ఎండలో పరిగె ఏరుకునేవాళ్ళు లేరు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద ఊరందరూ పలకలు పెట్టుకున్నా ఎవరి పొయ్యీ ఆరదు. పేడా, పుల్లా అలాంటివి కావు. అవి పనికిమాలినవిగా ఉన్నన్నాళ్ళూ ఎవరివని ఎవరూ అడగలేదు. వాటిలో గ్యాసుందనీ, డబ్బుందనీ తెలిసిన రోజునే యజమాని నిద్ర లేచాడు. మూడు తరాలు వదిలేసిన దాన్ని, ధర పలికిందని, మళ్ళీ నాదనడం చట్టానికి సరిపోతుంది. నా మనసుకి సరిపోలేదు. దాన్ని దయ అనుకుంటే మనకి ఇష్టమైననాడు మానేయవచ్చు. హక్కు అనుకుంటే, తీసుకునే ముందు దానికి బదులు ఇవ్వాలి. నేను రెండోదే అనుకుంటాను. ముందు ఇచ్చి, తరువాత తీసుకోవాలి. ఇవాళ తీసుకుని రేపెప్పుడో పథకం వస్తుందిలే అనడం కుదరదు.

ఇలాంటి బదులు ఎలా ఇవ్వాలో కర్ణాటకలో పురా అనే పల్లెటూళ్ళో చేసి చూశారు. తుమకూరు జిల్లా. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసరు ఎ.కె.ఎన్. రెడ్డిగారూ వారి సహచరులూ మొదట ఊరందరికీ వంటగ్యాసు ఇద్దామనుకున్నారు. ఊళ్ళో పేడ అందుకు చాలలేదు. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి దీపాలకి కరెంటు, కొళాయిలకి నీళ్ళు ఇచ్చారు. పేడ తెచ్చినవాళ్ళకి కిలోకి 2 పైసలు చేతిలో పెట్టి, ఎరువు ఎవరి వంతు వాళ్ళకి తిరిగి ఇచ్చారు. ఆ పైసలు ఎక్కువగా తట్టలు మోసిన ఆడవాళ్ళకీ పిల్లలకీ వచ్చాయి. కొన్నేళ్ళకి అదీ ఆగిపోయిందనుకోండి. అయినా ఎంత చక్కటి న్యాయం!

ఇది చెబితే మా మరిది సంతోషించాడు. “అయితే అవ్వకి తట్టెడు రొచ్చు ఇద్దాం” అన్నాడు. రొచ్చు ఏం చేసుకుంటుంది? ఆవిడకి సెంటు భూమి లేదు. ప్రొఫెసర్ల న్యాయం కూడా భూమి లేనివాళ్ళ గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

అప్పటిదాకా పిండి కలుపుతూ ఊరుకున్న మా తోడికోడలు మాట్లాడింది. “అక్కా, గ్యాసొస్తే మనకి పుల్లలక్కర్లేదుగా! రోజూ ఓ మోపు నేనే తగలేస్తున్నా. పేడ మనం వాడుకుని, ఆ పుల్లలు ఆవిడకొదిలేస్తే సరి.” నేను కాగితం మీద లెక్క వేశాను. ఒక ఘనపు మీటరు గ్యాసు మూడున్నర కిలోల కట్టెలకు సమానం. రెండు మీటర్లంటే రోజుకి ఏడు కిలోలు మిగులు. తాటిమట్టలు అదనం.

“ఏడు కిలోలు! ఏడాదికి రెండున్నర టన్నులు. అమ్మితే...” అని మా మరిది పెదవులు కదిలించాడు. మా తోడికోడలు అతనివైపు చూసింది. దగ్గు తెర వచ్చి ఆ చూపు మధ్యలో ఆగింది గాని, అతనికి అందవలసినంత అందింది.

పుల్ల దక్కినందువల్ల అవ్వకి పొగ కూడా దక్కుతుందని నాకు తెలుసు. ఒక ఆడదాని ఊపిరితిత్తులు కాపాడి, ఇంకో ఆడదానికి కట్టెలమోపు నెత్తికెత్తడం ఏం న్యాయమని మీరు అడిగితే, అడగవలసిందే. ఆవిడ మూలనున్న బండ ఏడాది పొడుగునా వెలగాలి. అది మా ఇంటి ఏడు కిలోలతో తేలేది కాదు. అది తేలేదాకా ఉన్న పొయ్యి ఆర్పకుండా ఉండటం మాత్రం మా చేతిలో ఉంది.

వేసవిలో తొట్టి కట్టారు. మొదటి మంట వెలిగిన రోజున మా తోడికోడలు ఫోన్ చేసి, ఉలవలు ఉడుకుతున్న చప్పుడు వినిపించింది. కంచె కూడా వేశారు, మూడు వైపులా. కాలవ వైపు వేయలేదు. తీగ చాల్లేదన్నాడు మా మరిది. ఎన్ని గజాలు తక్కువైందని నేను అడగలేదు.